పనిముట్టు ఎవరిది, పేరు ఎవరిది?

కాలేజీలో వెబ్ డిజైన్ కోర్సు పెట్టాలనుకున్నప్పుడు మీటింగుల్లో మామూలుగా మూడు ప్రశ్నలు వస్తాయి. ఏ సాఫ్ట్‌వేర్ నేర్పితే ఉద్యోగాలొస్తాయి? ల్యాబ్‌లో ఎన్ని సిస్టమ్స్ పనిచేస్తున్నాయి? పాఠం ఎవరు చెప్తారు? ఇవి అవసరమైన ప్రశ్నలే. కానీ నాలుగో ప్రశ్న ఒకటుంది, దాన్ని ఎవరూ అడగ్గా నేను వినలేదు. కోర్సు అయిపోయి, ల్యాబ్ తలుపుకి తాళం పడ్డాక, ఆ అమ్మాయి చేతిలో ఏం మిగులుతుంది?

చూడ్డానికి ఇది సాంకేతికమైన ప్రశ్నలా ఉంటుంది. నాకు మాత్రం ఇది నైతికమైన ప్రశ్న. చదువు చెప్పడమంటే ఒక మనిషికి ఇతరుల మీద ఆధారపడే అవసరం తగ్గించడం అని నమ్మేవాళ్లం మనం. అదే చదువు కోసం మనం ఎంచుకున్న పనిముట్టు ఆమెని నెలనెలా ఎవరికో అద్దె కట్టే స్థితిలో పెడుతుంటే, ఆ చదువుని ఏమనాలి?

నేను తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల స్త్రీల పత్రికల మీద నా పీహెచ్‌డీ. కంప్యూటర్ల గొడవ నీకెందుకని మిత్రులు అడుగుతుంటారు. ఆ పత్రికలు చదువుతున్నప్పుడు నాకు మొట్టమొదట అర్థమైన సంగతి, స్త్రీలు ఏం రాశారన్నదానితో పాటు అచ్చు వేసే యంత్రం ఎవరి చేతిలో ఉంది, వేసిన అచ్చు ఎంతకాలం నిలిచింది అన్నవి కూడా మన సాహిత్య చరిత్రలో భాగమేనని. ఇవాళ అచ్చుయంత్రం చేసే పనిలో సగం వెబ్ పేజీ చేస్తోంది. దాన్ని తయారుచేసే పనిముట్ల గురించి మనం మాట్లాడకపోతే, వాటిని అమ్మేవాళ్లు మాత్రమే మాట్లాడతారు.

ముందు మాటని స్పష్టం చేసుకుందాం. సాఫ్ట్‌వేర్ అంటే కంప్యూటర్‌కి ఇచ్చే ఆదేశాల రాత. ఆ రాతని దాచిపెట్టి, వాడుకునే అనుమతిని మాత్రం అమ్మడమో అద్దెకివ్వడమో ఒక పద్ధతి. రాతని అందరి ముందూ పెట్టి, దీన్ని ఏ పనికైనా వాడుకోవచ్చు, ఎలా పనిచేస్తుందో చదివి తెలుసుకోవచ్చు, పక్కవాళ్లకి కాపీ ఇవ్వొచ్చు, మార్చి ఆ మార్చినదాన్ని కూడా పంచొచ్చు అని లైసెన్సులో రాసి ఇవ్వడం ఇంకో పద్ధతి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టుని ప్రకటించి దీన్ని ఉద్యమంగా మొదలుపెట్టాడు. 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్సు, అంటే జీపీఎల్, వచ్చింది. 'ఓపెన్ సోర్స్' అన్న పేరు 1998లో పుట్టింది. వెబ్ డిజైన్ వరకూ చూస్తే ఫొటోలు సరిచేసే గింప్, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్, వెబ్‌సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్, ద్రూపల్, జూమ్లా, పేజీల నమూనాలు వేసుకునే పెన్‌పాట్ అన్నీ ఈ రెండో పద్ధతివే. ఆ మాటకొస్తే వెబ్ కూడా అంతే. అది పుట్టిన సెర్న్ పరిశోధనా సంస్థ 1993 ఏప్రిల్ 30న దాన్ని ఎవరికీ రుసుము కట్టనక్కర్లేకుండా లోకానికి వదిలేసింది.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాట దగ్గర చాలా గందరగోళం ఉంది. మన అదృష్టం కొద్దీ తెలుగులో రెండు మాటలున్నాయి. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. అయితే ఈ రెంటికీ సంబంధం లేదని కూడా అనలేం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచీ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు. అందులో మిగిలిన డబ్బులెన్నో లెక్కలేసేవాళ్లు లెక్కలేస్తూనే ఉన్నారు. కానీ ఇంట్లో ఎవర్నీ చార్జీ డబ్బులు అడక్కుండా అమ్మగారింటికి వెళ్లొచ్చిన మనిషికి దాని విలువ రూపాయల్లో చెప్పమంటే చెప్పలేదు. అడగనక్కర్లేకపోవడం అన్నది ఆమెకి దొరికిన అసలు వస్తువు. సాఫ్ట్‌వేర్ విషయంలో నేను మాట్లాడుతున్నది కూడా ఆ అడగనక్కర్లేకపోవడం గురించే.

ముగ్గు పుస్తకం

పంచుకోవడం ఆడవాళ్లకి కొత్తేం కాదు. ధనుర్మాసంలో ఎదురింటి ముగ్గుని చూసి చుక్కలు లెక్కపెట్టుకుని, ఓ మెలిక మార్చి, మర్నాడు తన వాకిట్లో వేసుకుని, మూడోనాడు ఇంకొకరికి నేర్పడం మన ఇళ్లల్లో ఎంతకాలంగా జరుగుతోందో చెప్పలేం. ఆవకాయ పాళ్లు, స్వెట్టర్ డిజైన్లు, తిరగలి పాటలు అన్నీ ఇలా చేతులు మారినవే. చూడు, నేర్చుకో, మార్చుకో, పంచు. లైసెన్సు కాగితం ఒకటి లేదు కానీ జీపీఎల్‌లో రాసిన నాలుగు స్వేచ్ఛలూ ఆ వాకిట్లో ఉన్నాయి.

ఇక్కడితో ఆగిపోయి 'ఓపెన్ సోర్స్ మన అమ్మమ్మలు ఎప్పుడో చేశారు' అని మురిసిపోవచ్చు. నాకు ఆ మురిపెం మీద అనుమానం. ఆ పంపకంలో మనవాళ్లు పోగొట్టుకున్నది ఒకటుంది. పేరు. ముగ్గు వేసినామె పేరు సాయంత్రానికి చెరిగిపోయింది. పాట కట్టినామె పేరు 'జానపదం' అన్న మాట కింద పూడుకుపోయింది. శ్రమ ఆమెది, సంస్కృతి మాత్రం 'మనందరిదీ' అయింది. స్త్రీ ఇచ్చేదాన్ని స్వభావం అనీ, మగవాడు ఇచ్చేదాన్ని దానం అనీ పిలిచే అలవాటు మనకి బాగా తెలుసు.

ఈ విషయంలో లైసెన్సు మన వాకిలి కంటే కచ్చితంగా ఉంటుంది. జీపీఎల్ ప్రకారం పంచేటప్పుడు మొదట రాసినవాళ్ల హక్కు ప్రకటన తీసేయడానికి వీల్లేదు. 1991 నాటి రెండో వెర్షన్ అయితే ఫైలు మార్చినవాళ్లు మార్చామని, ఏ తేదీన మార్చారో కూడా అందులో చెప్పాలని అడుగుతుంది. ఇప్పుడు ప్రోగ్రామర్లు వాడే గిట్ లాంటి వ్యవస్థల్లో ఏ వరుస ఏ పేరుతో ఎప్పుడు చేరిందో చిట్టాలో ఉంటుంది. ఉమ్మడి సొత్తుకి ఇచ్చేసినా ఇచ్చిన మనిషి పేరు పోదన్నమాట. పంచుకోవడానికీ పేరు నిలవడానికీ పడదని మనకి ఎవరు చెప్పారో గానీ, అది నిజం కాదని ఈ చిట్టాలు చూస్తే తెలుస్తుంది. స్త్రీల పాటల మీద పనిచేసినవాళ్లెవరికైనా ఇది చిన్న విషయంగా అనిపించదు.

తాళం పడిన సంచికలు

సాహిత్యం వాళ్లకి ఇది ఎందుకు పట్టాలో ఇంకో వైపు నుంచి చెప్తాను. 1902లో మొదలైన 'హిందూ సుందరి'లో భండారు అచ్చమాంబ కథలు వచ్చాయి. తొలి తెలుగు కథ అనగానే 1910 నాటి 'దిద్దుబాటు' పేరే వినిపించే కాలంలో, అంతకంటే ముందే ఆమె కథలు ఉన్నాయని చూపించగలిగామంటే కారణం, ఆ సంచికల పాత ప్రతులు దొరకడం. కాగితం పసుపు పచ్చగా మారింది, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. అయినా తెరిస్తే అక్షరాలు కనిపించాయి. చదవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది.

ఇప్పుడు 2002లో మన చిన్న పత్రికల్లో ఏదో ఒకటి తీసుకోండి. ఆ ఏడాది సంచికని డీటీపీ ఆపరేటర్ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కొట్టి ఉంటారు. పేజ్‌మేకర్‌కి 2001లో వచ్చిన ఏడో వెర్షనే ఆఖరిది. అను లాంటి ఫాంట్లలో తెలుగు అక్షరం కంప్యూటర్‌కి తెలుగుగా తెలీదు. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చిపెడతారు. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే మన కథలూ కవితలూ అర్థంలేని గుర్తుల వరసలుగా కనిపిస్తాయి. సీడీ బీరువాలో ఉంది, ఫైలు సీడీలో ఉంది, అక్షరం మాత్రం లేదు. మార్పిడి పరికరాలు ఉన్నాయి గానీ, మార్చాక ప్రతి వాక్యాన్నీ ఒక మనిషి కూర్చుని సరిచూడాలి. నూటపాతికేళ్ల కిందటి సంచికని తెరవగలిగి, పాతికేళ్ల కిందటి సంచిక ముందు నిస్సహాయంగా నిలబడటం మన తరం పరిశోధకుల అనుభవం. ఫ్లాష్‌లో చేసిన వెబ్‌సైట్లదీ ఇదే గతి. 2020 డిసెంబరు 31తో ఆ సంస్థ ఫ్లాష్‌కి మద్దతు ఆపేసింది. ఆ తర్వాత ఆ పేజీల్లో చాలాభాగం మామూలు బ్రౌజర్‌లో తెరుచుకోవడం మానేశాయి.

యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లని తయారుచేసి స్వేచ్ఛగా వదిలారు. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు తెలుగులో వాడుకోదగ్గ ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఏళ్ల తరబడి పనిచేశారు. కాబట్టి దారి లేక కాదు. డీటీపీ సెంటర్‌లో ఏది ఉంటే అది, కాలేజీ ల్యాబ్‌లో ఏది నేర్పితే అది వాడాం. ల్యాబ్‌లో ఏది నేర్పాలన్న నిర్ణయం ఇరవై ఏళ్ల తర్వాత ఎవరి సాహిత్యం మిగలాలన్న నిర్ణయం దాకా పోతుందని నేను అనడం ఇందుకే.

"చూడొచ్చా మేడమ్?"

కొన్నేళ్ల క్రితం ఒక చిన్న పట్టణంలోని మహిళా డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పనిచేస్తూ, ముప్పై గంటల సర్టిఫికెట్ కోర్సు ఒకటి చెప్పాను. తెలుగు ఐచ్ఛికంగా తీసుకున్న పిల్లలకి వెబ్ పేజీలు చేయడం నేర్పాలని. అంతకు ముందు రెండేళ్లు అదే ల్యాబ్‌లో ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద కోర్సు జరిగింది. కొన్ని సిస్టమ్స్‌లో ముప్పై రోజుల ట్రయల్, కొన్నింట్లో క్రాక్ చేసిన కాపీ. ఆ కోర్సు చదివిన అమ్మాయి ఒకతి అప్పటికి ఫైనలియర్‌లో ఉంది. "సర్టిఫికెట్ ఉంది మేడమ్, సాఫ్ట్‌వేర్ లేదు" అంది నవ్వుతూ. ఇంట్లో కంప్యూటర్ కొనడమే గగనమైన పిల్లకి నెలసరి చందా కట్టి వాడే సాఫ్ట్‌వేర్ నేర్పడం, పుట్టింట్లో ఈత నేర్పి నీళ్లు లేని ఊరికి కాపురానికి పంపడం లాంటిది. ఇక దొంగ కాపీ మీద పాఠం చెప్పడం గురించి చెప్పేదేముంది? నిజాయితీ గురించి ఉదయం పాఠం చెప్పి మధ్యాహ్నం ల్యాబ్‌లో దొంగతనం అలవాటు చేస్తున్నాం. దానికి పిల్లల పేదరికాన్ని సాకుగా చూపిస్తున్నాం.

మేం మామూలు టెక్స్ట్ ఎడిటర్‌తో, బ్రౌజర్‌తో మొదలుపెట్టాం. తర్వాత గింప్, ఇంక్‌స్కేప్, చివర్లో ల్యాబ్ కంప్యూటర్ మీదే నడిచే వర్డ్‌ప్రెస్. రెండో రోజు బ్రౌజర్‌లో ఒక వెబ్ పేజీ తెరిచి, మౌస్ కుడి బటన్ నొక్కి 'వ్యూ పేజ్ సోర్స్' చూపించాను. అందమైన పేజీ వెనక ఉన్న రాత అంతా తెర మీదికొచ్చింది. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి నెమ్మదిగా అడిగింది, "ఇది మనం చూడొచ్చా మేడమ్?"

ఆ ప్రశ్నని నేను చాలా రోజులు మోశాను. చూడ్డం ఎలా అని కాదు ఆమె అడిగింది, చూడొచ్చా అని. ఇంట్లో స్విచ్‌బోర్డు విప్పొద్దు, బండి ముట్టుకోవద్దు, నాన్న ఫోన్ తియ్యొద్దు, మగవాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో రావొద్దు అని వింటూ పెరిగిన పిల్ల. ఏ వస్తువుకైనా మూత తీయడానికి ముందు అనుమతి అడగాలన్నది ఆమె ఒంట్లో భాగమైపోయింది. వేదం మొదలు రేడియో రిపేరు వరకూ 'నీకెందుకు' అన్న మాటతో ఆగిపోయిన ఆడవాళ్ల వరసలో ఆమె కూడా ఉంది. చూడొచ్చు అని నేను చెప్పగలిగాను. మార్చి చూడొచ్చు, పాడైతే మళ్లీ తెచ్చుకోవచ్చు, ఎవరూ తిట్టరు. తాళం వేసిన సాఫ్ట్‌వేర్ మీద పాఠం చెప్తున్న టీచరు తన పనిముట్టు గురించి ఈ జవాబు ఇవ్వలేదు. ఆమె 'ఈ బటన్ నొక్కు' అని మాత్రమే చెప్పగలదు. ఓపెన్ సోర్స్ గురించి నేను చదివిన వాదనలన్నిట్లో ఆ పిల్ల ప్రశ్న కంటే బలమైనది నాకు కనిపించలేదు.

చివరి పని కింద ఒక్కొక్కరూ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఒక పాటో కథో సేకరించి పేజీ కట్టాలి. ఒకమ్మాయి వాళ్ల అమ్మమ్మ తిరగలి పాట తెచ్చింది. 'రచన' అన్న చోట ఏం రాయాలో తోచలేదు. "ఎవరు కట్టారో తెలీదు మేడమ్. మా అమ్మమ్మకి వాళ్లత్తగారు నేర్పారంట. రెండు చరణాలు అమ్మమ్మే కలిపిందంట." ఎలా చెప్పావో అలాగే రాయమన్నాను. నేర్పినది ఫలానా, పాడినది ఫలానా, రెండు చరణాలు కలిపినది ఫలానా, పేజీ కట్టినది ఫలానా అని నాలుగు వరుసలు రాసింది. ఫైలు ఎవరి చేతిలో ఎలా మారిందో చెప్పే చిట్టా సరిగ్గా ఇలాగే ఉంటుంది. అందులో అత్తగారి పేరు కోసం వాళ్లింట్లో రెండు రోజులు వెతికారు. ఆ పేరుతో ఆమెని పిలిచినవాళ్లు ఇంట్లో ఎవరూ బతికి లేరు.

అదే క్లాసులో ఇంకో అమ్మాయి తన పేరు తీసేసింది. "మా అన్నయ్య చూస్తే ఊరుకోడు మేడమ్." ఆ పేజీలు మేం ఇంటర్నెట్‌లో పెట్టలేదు. ఎవరివి వాళ్లు పెన్ డ్రైవ్‌లో పట్టుకెళ్లారు. నెట్ సెంటర్‌లోనైనా, పక్కింటి ల్యాప్‌టాప్‌లోనైనా అవి తెరుచుకుంటాయి. పేరు ఎప్పుడు రాయాలో, అసలు రాయాలో వద్దో ఆమె ఇష్టం.

దానం ఎవరు చేయగలరు?

ఇంతవరకూ చెప్పింది విని ఓపెన్ సోర్స్ ప్రపంచం ఆడవాళ్ల కోసం తలుపులు బార్లా తెరిచిందనుకుంటే పొరపాటు. యూరోపియన్ కమిషన్ నిధులతో 2006లో వచ్చిన అధ్యయనం ప్రకారం కంపెనీల సాఫ్ట్‌వేర్ రంగంలో స్త్రీలు 28 శాతం దాకా ఉంటే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో 1.5 శాతం. ఎవరైనా రావొచ్చు అన్న చోటికి ఇంత తక్కువమంది ఎందుకు వచ్చారు? జీతం లేని పని చేయడానికి సాయంత్రాలు కావాలి. ఆఫీసు నుంచి వచ్చాక కోడ్ రాస్తూ కూర్చున్న మనిషికి అన్నం ఎవరో వండుతున్నారు. 1929లో వర్జీనియా వుల్ఫ్ తనకంటూ ఒక గది, ఏడాదికి ఐదు వందల పౌండ్లు అని లెక్క చెప్పింది. ఈ వ్యవహారంలో ఆ లెక్కకి తీరిక అన్న పద్దు కూడా కలపాలి. లైసెన్సు ఇచ్చే స్వేచ్ఛ అందరికీ ఒకటే, దాన్ని వాడుకునే గంటలు మాత్రం ఇంటి బయట ఒకలా, ఇంటి లోపల ఒకలా పంపిణీ అయ్యాయి.

తీరిక ఒక్కటే కారణం కాదు. గిట్‌హబ్‌లో పంపిన మార్పుల మీద 2017లో అచ్చయిన ఒక అధ్యయనం ఉంది. పంపింది స్త్రీ అని తెలియనప్పుడు వాళ్ల మార్పుల్ని ఎక్కువగానే అంగీకరించారు. ప్రాజెక్టుకి కొత్తగా వచ్చిన మనిషి స్త్రీ అని పేరులోనో ఫొటోలోనో తెలిసినప్పుడు ఆ అంగీకారం మగవాళ్ల కంటే తగ్గిపోయింది. మా క్లాసులో పేరు తీసేసిన పిల్ల భయం ఇంట్లో అన్నయ్యతో అయిపోదన్నమాట. స్టాల్‌మన్ సంగతి కూడా దాచనక్కర్లేదు. ఎప్‌స్టీన్ కేసులో బాధితురాలి గురించి చేసిన వ్యాఖ్యల మీద నిరసన వచ్చాక 2019 సెప్టెంబరులో అతను ఎమ్ఐటీ నుంచీ, తాను స్థాపించిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ నుంచీ తప్పుకున్నాడు. 2021 మార్చిలో ఆ ఫౌండేషన్ బోర్డులోకి తిరిగొచ్చాడు. స్వేచ్ఛ గురించి అంత సూక్ష్మంగా ఆలోచించిన మనిషికి ఒక అమ్మాయి అనుమతి అన్న మాట ఎందుకు అర్థం కాలేదన్న ప్రశ్నని మన తరగతుల్లో అడగాల్సిందే. సిద్ధాంతకర్తలతో మన అనుభవం కొత్తది కాదు. ఆలోచనని ఉంచుకుని మనిషిని నిలదీయడం మనకి వచ్చు.

ఈ చరిత్రలోనూ పేరు మరుగున పడిన ఆడవాళ్లున్నారు. 1998లో 'ఓపెన్ సోర్స్' అన్న మాటని సూచించింది క్రిస్టీన్ పీటర్సన్. ఆ ఏడాది ఫిబ్రవరిలో జరిగిన సమావేశంలో తన మాటని తానే ప్రతిపాదించడానికి ఆమె సందేహించింది. ఒక మిత్రుడు మాటల మధ్యలో వాడితే మిగిలినవాళ్లు అందుకున్నారు. ఈ సంగతంతా ఇరవై ఏళ్ల తర్వాత, 2018లో, ఆమే రాసుకుంది. మీటింగులో మనం చెప్పాలనుకున్నది మగ సహోద్యోగి నోట వచ్చాక చెల్లుబాటు కావడం మనలో ఎంతమందికి తెలియదు? మరోవైపు 2020 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ 5.6 విడుదలని మొత్తం స్త్రీలు, నాన్ బైనరీ వ్యక్తులున్న బృందం నడిపించింది. నినా సిమోన్ గౌరవార్థం దానికి 'సిమోన్' అని పేరు పెట్టారు. ఆ బృందం దానంతటదే ఏర్పడలేదు. అలా ఏర్పడాలని కొందరు పూనుకుని పనిచేస్తే ఏర్పడింది.

ఉద్యోగాల మాట. "కంపెనీలు అడిగేది ఫొటోషాప్, ఫిగ్మా. మీరు ఆదర్శాలు నేర్పి పిల్లల నోట మన్ను కొడతారా?" అని ఒక సహోద్యోగిని నన్ను సూటిగానే అడిగింది. తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. మొదటి తరం చదువుకున్న పిల్లకి జీతం కూడా స్వేచ్ఛే. నా జవాబు ఇది. కంపెనీలు అడిగే పేర్లు ఐదేళ్లకోసారి మారతాయి. ఒకప్పుడు ఫ్రంట్‌పేజ్ అన్నారు, తర్వాత డ్రీమ్‌వీవర్, ఇప్పుడు ఇంకోటి. 2022లో ఫిగ్మాని 2,000 కోట్ల డాలర్లకి కొనేస్తున్నట్టు అడోబి ప్రకటించింది, 2023 డిసెంబరులో ఆ ఒప్పందం రద్దయింది. కొన్నా కొనకపోయినా ఆ బేరంలో వాటి మీద పని నేర్చుకున్నవాళ్లకి మాట లేదు. పేజీ ఎలా కడతారు, రంగుకీ అక్షరానికీ ఉన్న సంబంధం ఏమిటి, చూపు లేని మనిషి ఆ పేజీని ఎలా వింటుంది అన్నవి తెలిసిన పిల్ల ఏ పనిముట్టునైనా కొన్ని వారాల్లో పట్టుకుంటుంది. బటన్లు మాత్రమే తెలిసిన పిల్ల బటన్లు మారగానే మళ్లీ ఫీజు కట్టాలి. ఉద్యోగానికి కావలసిన సాఫ్ట్‌వేర్‌ని ఆఖరి రెండు వారాల్లో పరిచయం చేయొచ్చు, దానిమీద నాకు పట్టింపు లేదు. పునాది మాత్రం ఆమె వెంట తీసుకెళ్లగలిగేదిగా ఉండాలి. నాలుగు వాక్యాలు చెప్తే వెబ్‌సైట్ చేసిచ్చే కృత్రిమ మేధ వచ్చాక ఇది ఇంకా నిజం. అది ఇచ్చిన పేజీ వెనక రాత చదవగలిగినామె దాన్ని సరిచేస్తుంది. చదవలేనామె దానికి తల ఊపుతుంది.

పాఠ్యప్రణాళికలో ఏముండాలి

ఇదంతా ఒక రాష్ట్రం మొత్తం మీద సాధ్యమా అంటే పక్కనే కేరళ ఉంది. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ కార్యక్రమం తర్వాత కాలంలో బడులన్నిటినీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి మార్చింది. 2017లో అది కైట్ అన్న సంస్థగా మారింది, 2018లో పిల్లల కోసం లిటిల్ కైట్స్ క్లబ్బులు పెట్టింది. ప్రభుత్వ బడుల పిల్లలు గింప్, ఇంక్‌స్కేప్, వెబ్ పేజీలు పాఠ్యపుస్తకంలో భాగంగా మలయాళంలో నేర్చుకున్నారు. అక్కడ డబ్బు ఆదా అయిందన్న మాటే ఎక్కువగా ప్రచారంలోకొచ్చింది. నాకు ముఖ్యమనిపించింది వేరు. బయటి కంపెనీ ట్రైనర్ల మీద వదిలేయకుండా, అదే బడిలో లెక్కలో భాషో చెప్పే టీచర్లకి శిక్షణ ఇచ్చారు. కంప్యూటర్ ముందు కూర్చుని విప్పి చూపిస్తున్న తెలుగు టీచరమ్మని చూసిన ఆడపిల్ల, "చూడొచ్చా" అని అడగడం తగ్గిస్తుంది. సాఫ్ట్‌వేర్ మార్చి మనుషుల్ని మార్చకపోతే, ఒక తాళం తీసి ఇంకో తాళం వేసినట్టే.

అందుకే కోర్సులో ఓపెన్ సోర్స్ పెట్టడమంటే సిలబస్‌లో ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాయడం అని నేను అనుకోను. ఆడపిల్లకి ల్యాబ్‌లో గంటలు దొరకాలి, అదీ హాస్టల్ గేటూ ఆఖరి బస్సూ దృష్టిలో పెట్టుకుని. పనిముట్టు తెలుగులో మాట్లాడకపోతే, దాన్ని అనువదించడమే ఒక అసైన్‌మెంట్ కావచ్చు. తెలుగు ఎమ్ఏ విద్యార్థినులు ఆ పని ఎవరికంటే బాగా చేస్తారు. చేసిన పనికి పేరూ మార్కులూ రెండూ ఉండాలి, వీలైన చోట డబ్బు కూడా. 'సేవ' అన్న మాటతో వాళ్ల చేత ఊరికే పని చేయించుకునే హక్కు ఏ ఉద్యమానికీ లేదు.

ఇంకొకటి. జీపీఎల్‌లో చాలామంది గమనించని సంగతి ఉంది. నువ్వు మార్చుకున్నదాన్ని ఇతరులకి ఇస్తేనే మూలం కూడా ఇవ్వాలి. నీ కోసం నువ్వు మార్చుకుని నీ దగ్గరే ఉంచుకుంటే ఎవరికీ చూపించనక్కర్లేదు. పంచుకోవడం గురించి ఇంతగా పట్టుబట్టిన పత్రం కూడా దాచుకునే హక్కుని వదిలిపెట్టింది. ఇవ్వకుండా ఉండగలిగిన మనిషి ఇచ్చినప్పుడే దాన్ని ఇవ్వడం అంటాం. మిగతాదంతా వసూలే. కాబట్టి పేజీని ఇంటర్నెట్‌లో పెడితేనే మార్కులు అన్న నియమం ఆడపిల్లల క్లాసులో ఉండకూడదు. పేరుతో పెట్టాలా, మారుపేరుతోనా, పెన్ డ్రైవ్‌లో ఉంచుకోవాలా అన్నది ఆమె తేల్చుకోవాలి. మనం చేయాల్సింది ఆమె తేల్చుకునే రోజు దాకా ఆ ఫైలు తెరుచుకునేలా చూడటం.

ఒకప్పుడు మగవాళ్లు ఆడపేర్లతో నవలలు రాసి అమ్ముకున్న భాష మనది. సొంత పేరు పెట్టుకోవడానికి భయపడి పేరు దాచుకున్న రచయిత్రుల భాష కూడా ఇదే. ఈ రెండింటి మధ్య పెరిగిన మనకి, ఒక అమ్మాయి తన పేజీ కింద తన పేరు రాసుకోవడం ఎంత దూరమో తెలుసు. ఆ దూరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తగ్గించలేదు. అయితే ఆమె సిద్ధపడిన రోజున లైసెన్సు గడువు ముగిసిందనో, ఫైలు తెరుచుకోదనో, చందా కట్టలేదనో ఆ అవకాశం చేజారిపోకుండా చూడగలం. సిలబస్ కమిటీలో కూర్చున్నప్పుడు మన చేతిలో ఉన్నది అంతే, కానీ అది మన చేతిలోనే ఉంది.